జబ్బునకు ముందే జమ

మేము పొలములలో ప్రదర్శనలు చూపువారము గాని వైద్యులము కాము. అయినను రైతు కష్టము మా కంట పడకపోదు. విత్తనశుద్ధి నేర్పుటకై ఒక గ్రామమునకు పోయినపుడు, సంఘసభ్యుడొకడు భార్య శస్త్రచికిత్స కొరకు రెండెకరములు తాకట్టు పెట్టి, ఆ యేడు విత్తుటకు పొలము లేక కూర్చుండుట చూచితిమి. ఆమె రోగము కుదిరెను, అప్పు కుదరలేదు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వలన ప్రయోజనము లేదు. మన పొరుగున కర్ణాటక రైతులు ఆ బావిని ముందుగానే త్రవ్వుకొనిరి. హృదయ శస్త్రవైద్యులైన డాక్టరు దేవీ షెట్టిగారి ఆలోచనతోను, అచ్చటి ప్రభుత్వ సహాయముతోను, 'యశస్విని' అను పథకము 2003 జూన్ నెలలో అమలునకు వచ్చెను. సహకార సంఘ సభ్యుడు సాలునకు 60 రూపాయలు, అనగా నెలకు 5 రూపాయలు చెల్లించెడివాడు. శస్త్రచికిత్స అవసరమైనచో పథకమున చేరిన ఆసుపత్రికి పోవును. ముందుగా నిర్ణయించిన వెలను నిధియే ఆసుపత్రికి చెల్లించును. మొదటి యేటనే సుమారు 16 లక్షలమంది చేరిరి.

ఐదు రూపాయలతో ఇంత పని యెట్లు జరిగెను? చెల్లించువారు లక్షలు, ఏ యేటనైనను శస్త్రచికిత్స కావలసినవారు కొందరే. అందరును కలిసి కట్టిన చెరువు ఎండిన చేనికి నీరిచ్చినట్లే ఇది. అయితే చందాను 120 రూపాయలు చేసిన యేట సభ్యులు తగ్గిరి. ఇందులో మనకొక పాఠము కలదు. ఆరోగ్యవంతులు తప్పుకొని రోగులు మాత్రమే మిగిలినచో ఏ నిధియు నిలువదు. ఆ పథకము 2018లో ప్రభుత్వ పథకమున కలిసిపోయి, 2022లో మరల ఆరంభింపబడెను.

మన తెలుగునాట 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన నాటినుండి బీదకుటుంబములకు పెద్ద చికిత్సల భారము చాల తగ్గినది. కాని తోడుపోయినవాని భోజనము, పోయిన కూలి, నెలలు గడచినను మానరాని మందులు, ఇవి రైతు మీదనే పడుచున్నవి. ఈ చిల్లర ఖర్చులకే వాడు మరల షాహుకారు గడప త్రొక్కుచున్నాడు.

కావున మా సూచన యిది. ప్రతి సంఘమును సర్వసభ్య సమావేశమున చర్చించి, ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన దినముననే ఇంటికింత అని ఒక వైద్యనిధికి జమచేయవలెను. జబ్బు లేని యిల్లును చేరవలెను. ఆపద వచ్చినవానికి దానినుండి వడ్డీలేని బదులు ఇయ్యవలెను. లెక్క ప్రతినెలయు అందరియెదుట చదువవలెను. ఎవరి కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లునో కార్యదర్శి ముందుగా విచారించి వ్రాసి యుంచవలెను.

విత్తనము దాచుకొనని రైతు మనలో లేడు. కోత ముగిసిన వెంటనే ఆరోగ్యమునకును అట్లే ఒక గంప దాచుకొందము.