పేరొకటి, పదార్థమొకటి: ఇంగ్లండు వంటకములు

ఇంగ్లండు వంటకములను గూర్చి మనలో రెండభిప్రాయములు ప్రచారములో నున్నవి. ఉప్పుకారములు లేని చప్పని తిండి యని కొందరు, మాంసము తప్ప మరేమియు దొరకదని కొందరు అందురు. ఈ రెండును పూర్తిగా నిజములు కావు. చదువునకో, ఉద్యోగమునకో, బిడ్డలను చూచి వచ్చుటకో ఆ దేశమునకు వెళ్ళు తెలుగువారికి ఎదురగు అసలు చిక్కు వేరు. అక్కడ వంటకము పేరునకును, అందులోని పదార్థమునకును తరచుగా పొత్తు కుదరదు. పేరు విని భయపడి మంచి వంటకమును వదలుకొనువారును, పేరును నమ్మి తాము తినరానిది తినువారును కలరు. అందుచే రుచి చూడదగిన కొన్ని వంటకములను, వానిలో నిజముగా నుండు వస్తువులను గూర్చి ఇచ్చట వివరింతుము.

ముందుగా 'పుడ్డింగు' అను మాటను తీసికొందము. అది భోజనానంతరము తిను తీపి పదార్థమని మనము తలంతుము. కాని యార్క్‌షైరు పుడ్డింగు తీపి కాదు. మైదాపిండి, కోడిగ్రుడ్లు, పాలు కలిపి దోసెపిండికన్న పలుచగా చేసి, బాగుగా కాగిన కొవ్వులో పోసి, మిక్కిలి వేడిగా నున్న ఓవెనులో పెట్టుదురు. పిండిలోని తడి ఒక్కసారిగా ఆవిరి యగుటచే అది పూరీవలె పొంగి, అంచులు కరకరలాడుచు నడుమ మెత్తగా నుండును. 1747లో హన్నా గ్లాస్ అను నామె ప్రకటించిన పాకశాస్త్ర గ్రంథమున ఈ పేరుతోనే దీని తయారీ కలదు. ఆ కాలమున మాంసము నిప్పుసెగ ముందు కాలుచుండగా, దానినుండి కారు కొవ్వు వృథాపోకుండ క్రింద ఈ పిండి పళ్ళెము నుంచెడివారు. మాంసమునకు ముందుగా దీనిని వడ్డించి కడుపు కొంత నింపినచో, ఖరీదైన మాంసము కొద్దిపాటి సరిపోవును. ఇది యార్క్‌షైరు గృహిణుల పొదుపు. ఇక 'బ్లాక్ పుడ్డింగు' అనునది పందిరక్తము, కొవ్వు, ఓట్లు లేక బార్లీ కలిపి చేయు నల్లని సాసేజి. 'ఫుల్ ఇంగ్లీష్' అను ఉదయపు ఫలహారపు పళ్ళెములో గ్రుడ్లు, బేకను, టొమాటోల ప్రక్కన ఇది గుండ్రని ముక్కలుగా కనబడును.

ఆదివారము మధ్యాహ్నమున తిను 'రోస్టు' ఇంగ్లండు భోజనములలో మకుటము వంటిది. పెద్ద మాంసఖండమును ఓవెనులో కాల్చి, పలుచగా కోసి, కాల్చిన బంగాళాదుంపలతోను, ఉడికించిన కూరగాయలతోను, 'గ్రేవీ' యను పులుసుతోను వడ్డింతురు. మన వంటలో ఘాటు కూరలోనే కలసియుండును. అక్కడ అది పళ్ళెము ప్రక్కన వేరుగా నుండును. గోమాంసమునకు హార్స్‌రాడిష్ అను ఘాటైన వేరు తురిమిన పచ్చడి, గొర్రెమాంసమునకు పుదీనాను వినిగరులో కలిపిన పచ్చడి, పందిమాంసమునకు ఆపిలు గుజ్జు వాడుక. ఇంగ్లీషు ఆవముద్ద కొంచెము తిన్నను ముక్కునకు ఘాటెక్కును. వీనిని ముట్టక మాంసము మాత్రమే తినినవారికి ఆ భోజనము చప్పగా తోచుటలో ఆశ్చర్యము లేదు. శాకాహారులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఆ పళ్ళెములోని బంగాళాదుంపలను పెక్కుచోట్ల గోవు కొవ్వులోనో, బాతు కొవ్వులోనో కాల్చుదురు.

'టోడ్ ఇన్ ది హోల్' అనగా 'కన్నములోని కప్ప' అని అర్థము. అందులో కప్ప లేదు. యార్క్‌షైరు పుడ్డింగు పిండిలో సాసేజీలను పెట్టి కాల్చిన పదార్థమది. 'షెపర్డ్స్ పై' అనగా గొర్రెలకాపరి పై. 'పై' అన్నచో సామాన్యముగా పిండిముద్దను పలుచగా వత్తి కప్పినది. దీనికి మాత్రము పిండి కప్పు ఉండదు. ఖీమా మీద మెదిపిన బంగాళాదుంప పరచి ఎఱ్ఱగా కాల్చుదురు. గొర్రెమాంసముతో చేసినది షెపర్డ్స్ పై, గోమాంసముతో చేసినది కాటేజి పై. పైకి రెండును ఒక్కతీరుగానే కనబడును గనుక గోమాంసము తినని వారు అడిగి తీసికొనుట మంచిది. కారన్వాలు ప్రాంతపు 'పాస్టీ' మన కజ్జికాయ ఆకారమున నుండును. దానిలో గోమాంసపు ముక్కలు, బంగాళాదుంప, స్వీడ్ అను దుంప, ఉల్లిపాయ పచ్చివిగానే పెట్టి, అంచు మడిచి కాల్చుదురు. తగరపు గనులలో పనిచేయు కూలీలకు పళ్ళెము, గరిటె అక్కరలేని భోజన మది. 2011లో 'కారనిష్ పాస్టీ' అను పేరునకు రక్షణ లభించినది. నాటినుండి కారన్వాలులో తయారు కానిదానికి ఆ పేరు పెట్టరాదు.

చేపలు తినువారు తప్పక రుచి చూడవలసినది 'ఫిష్ అండ్ చిప్స్'. కాడ్ లేక హాడక్ అను సముద్రపు చేప ముక్కను జారుపిండిలో ముంచి బజ్జీవలె వేయించి, లావుగా తరిగి వేయించిన బంగాళాదుంపలతో వేడివేడిగా ఇత్తురు. పైన ఉప్పు, మాల్టు వినిగరు చల్లుకొందురు. ఈ జంటను అమ్ము అంగళ్ళు 1860 ప్రాంతమున లండనులోను, లంకాషైరులోను వెలసినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెక్కు ఆహారపదార్థములకు రేషను విధించిన ప్రభుత్వము దీనికి మాత్రము విధింపలేదు. శ్రామికుల కుటుంబములకు ఇదెంత ముఖ్యమో దీనినిబట్టి తెలియును. అయితే ఉత్తర ఇంగ్లండులో గోవు కొవ్వులో వేయించు అంగళ్ళు నేటికిని కలవు. బంగాళాదుంపలు మాత్రమే కొనువారు సైతము ఏ నూనెలో వేయించిరో అడుగవలెను.

మన దేశమునుండి వెళ్ళిన పేర్లు కూడ అక్కడ రూపు మార్చుకొన్నవి. 'కెడ్జరీ' అను మాట కిచిడీ నుండి వచ్చినది. కాని మన పులగములో వలె అందు పెసరపప్పు కనబడదు. పొగబెట్టిన హాడక్ చేప, అన్నము, ఉడికించిన గ్రుడ్లు, మసాలాపొడి కలిపిన ఫలహార మది. 'మల్లిగటానీ' అను సూపు తమిళుల 'మిళగు తణ్ణీర్', అనగా మిరియాల నీళ్ళు. మన మిరియాల చారునకు దగ్గరి చుట్టమైనను, అందులో మాంసరసము చేరినది. 1837 నుండి అమ్ముడగుచున్న వూస్టరు సాసులో ఉప్పులో ఊరవేసిన చిన్న చేపలుండును. కాల్చిన రొట్టె మీద కరగిన చీజుతో చేయు 'వెల్ష్ రాబిట్'లో కుందేలు లేదుగాని, ఈ సాసు చుక్కలు పడుట పరిపాటి.

ఇక తీపి పదార్థములు. ఆపిలు ముక్కలపై వెన్న, పిండి, చక్కెర కలిపిన పొడి చల్లి కాల్చు 'క్రంబుల్' మిక్కిలి హాయిగా నుండును. దానిపై వేడి కస్టర్డు పోసి ఇత్తురు. మన యిండ్లలో వాడు కస్టర్డుపొడి పుట్టినదియు ఆ దేశమే. బర్మింగుహాములో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను నాతడు, తన భార్యకు గ్రుడ్లు సరిపడకపోవుటచే, 1837లో మొక్కజొన్న గంజిపొడితో గ్రుడ్డు లేని కస్టర్డును కనిపెట్టెను. డెవన్, కారన్వాలు ప్రాంతములలో స్కోన్ అను మెత్తని రొట్టెను రెండుగా చీల్చి, చిక్కని మీగడ, స్ట్రాబెర్రీ జాము రాచి టీతో తిందురు. ముందు మీగడ రాయవలెనని డెవనువారు, ముందు జాము రాయవలెనని కారన్వాలువారు వాదింతురు. క్రిస్మసు నాటి 'మిన్స్‌మీట్'లో నేడు మాంసము లేదు. ఎండుద్రాక్ష, చక్కెర, సుగంధద్రవ్యములే కలవు. కాని పూర్వాచారము ననుసరించి అందును, క్రిస్మసు పుడ్డింగులోను 'సూయెట్' అను గోవు కొవ్వు తురిమి వేయుట కలదు. వృక్షజమైన సూయెట్‌తో చేసినవియు అంగళ్ళలో దొరకును.

పేరు మోసము చేయు చోటులలో ముఖ్యమైనది 'వెజిటేరియన్' అను మాటయే. ఇంగ్లండులో 1847లోనే శాకాహార సంఘము స్థాపితమైనది. కాని అక్కడి శాకాహారులలో అనేకులు పాలతోపాటు గ్రుడ్లను కూడ తిందురు. 1888లో చదువునకై లండను చేరిన గాంధీజీ కొంతకాలము అర్ధాకలితో గడిపి, ఫారింగ్‌డన్ వీథిలో శాకాహార భోజనశాల కనబడగా కడుపార భుజించిరి. గ్రుడ్డు మాంసము కాదని అక్కడి వారిలో కొందరు వాదించినను, తల్లి దృష్టిలో అది మాంసమే గనుక దానిని మానిరి. అటుపిమ్మట శాకాహార భోజనశాలలలో సైతము పుడ్డింగులో, కేకులో గ్రుడ్డు కలదా యని విచారింపవలసి వచ్చినట్లు తమ ఆత్మకథలో వ్రాసికొనిరి. 1944లో పుట్టిన 'వీగన్' అను మాట ఈ చిక్కును చాలవరకు తీర్చినది. వీగన్ అని గుర్తు గల పదార్థములో మాంసము, చేప, గ్రుడ్డు, పాలు, తేనె ఏదియు వాడరు. గ్రుడ్డు తినని మనవారికి ఇది నమ్మదగిన గుర్తు.

సరిపడని ఆహారముచే కొందరికి ప్రమాదము కలుగును గనుక, 14 రకముల పదార్థములను గూర్చి హోటళ్ళును, అంగళ్ళును కొనుగోలుదారులకు తెలుపవలెనని అక్కడి చట్టము. గ్రుడ్డు, పాలు, చేప, ఆవాలు ఆ 14లో నున్నవి. గోమాంసము, పందిమాంసము, వాని కొవ్వు అందులో లేవు. కావున ఆ జాబితాలో లేనిది వంటకములోను లేదని భావింపరాదు.

కడపటిగా ఒక మాట. ఉత్తర ఇంగ్లండులో ఎవరైన 'టీకి రండి' అని పిలిచినచో, అది తరచుగా సాయంకాలపు పూర్తి భోజనమునకు పిలుపు. కడుపు నింపుకొని పోరాదు. తాము తినని వస్తువులను పిలుపు అందిన నాడే చెప్పుట మర్యాద. వంట యైన పిమ్మట చెప్పినచో గృహిణికి కష్టము. హోటలులోనైనచో 'ఇది వెజిటేరియనా?' అని ఊరకొనక, 'ఇందులో గ్రుడ్డు కలదా? ఏ కొవ్వులో వేయించిరి? పులుసు దేనితో కాచిరి?' అని మూడు ప్రశ్నలు అడుగవలెను. అట్లడిగినందుకు అక్కడ నెవ్వరును తప్పుపట్టరు.