బలవంతపు ఒప్పుకోలు

గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగిన ఆ మనిషిని యేసుప్రభువు కలుసుకోకముందు ఊరివాళ్లు అతని కోసం ఏమీ చేయలేదని అనుకుంటాం. కానీ చేశారు. కాళ్లకు బేడీలు వేశారు, చేతులకు గొలుసులు కట్టారు. ఒకసారి కాదు, చాలాసార్లు కట్టారని మార్కు రాశాడు (మార్కు 5:3–4). వాళ్లు ద్వేషంతో ఆ పని చేశారని సువార్తలో ఎక్కడా లేదు. భయపడ్డారు, ఏం చేయాలో తోచలేదు, అందుకని కట్టేశారు. కన్నబిడ్డ గంజాయికో, మత్తు మాత్రలకో, ఇంజెక్షన్లకో బానిసయ్యాడని తెలిసిన రోజున అమ్మానాన్నలకు కలిగేది కూడా సరిగ్గా అదే భయం, అదే నిస్సహాయత.

ఆ భయం మీద అమెరికాలో యాభై ఏళ్లకు పైగా ఒక పెద్ద వ్యాపారం నడుస్తోంది. పిల్లవాణ్ణి మాకు అప్పగించండి, మార్చి మీ చేతికిస్తాం అంటాయి ఆ కేంద్రాలు. వాటిలో కొన్ని మన విశ్వాసం పేరుతోనే నడిచాయి. ఆ చరిత్ర మనకెందుకని అనుకోవద్దు. ఎన్నో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఇప్పుడు తమ పిల్లల్ని అక్కడే పెంచుతున్నాయి. ఇక ఇక్కడ చూస్తే, ‘అయ్యగారూ, ఏదైనా మంచి క్రైస్తవ హోమ్ ఉంటే చెప్పండి, ఏడాదిపాటు అక్కడే పడి ఉంటాడు, ఫోన్ కూడా ఇవ్వొద్దని చెప్తాం’ అని కన్నీళ్లతో అడిగే తల్లులు మా వంటి కాపరుల దగ్గరికి వస్తూనే ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పే ముందు ఆ దేశంలో ఏం జరిగిందో మనం తెలుసుకోవాలి.

1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే ఆయన సినానాన్ అనే సంస్థను పెట్టాడు. తాగుడు మానిన మనిషి ఆయన. హెరాయిన్ వ్యసనపరులను గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరి తప్పులను ఒకరు అరుస్తూ, తిడుతూ బయటపెట్టించేవాడు. దానికి ‘గేమ్’ అని పేరు. అక్కడికి మొదట్లో వచ్చినవాళ్లు పెద్దవాళ్లు, తమంతట తాము వచ్చినవాళ్లు. 1970లో ఫ్లోరిడాలో ‘ది సీడ్’ అనే సంస్థ మొదలై, అలాంటి పద్ధతినే టీనేజి పిల్లల మీదికి తెచ్చింది. సెనేటర్ శామ్ ఎర్విన్ ఆధ్వర్యంలోని సెనేట్ ఉపసంఘం 1974లో ఇచ్చిన నివేదిక, ఆ సంస్థ పద్ధతులను 1950లలో ఉత్తర కొరియన్లు వాడిన మెదడు కడిగే పద్ధతులతో పోల్చింది. అంతటితో ఆ దారి మూసుకుపోవలసింది. కానీ రెండేళ్లకే, 1976లో, అదే ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెల్ సెంబ్లర్ అనే వ్యాపారవేత్త మరికొందరితో కలిసి ‘స్ట్రెయిట్’ అనే సంస్థను స్థాపించాడు. స్ట్రెయిట్ అంటే తిన్ననిది అని అర్థం. వంకర పిల్లల్ని తిన్నగా చేస్తామని ఆ పేరే చెబుతోంది.

అక్కడ రోజు ఎలా గడిచేదో బయటికి వచ్చినవాళ్లు ఎన్నోసార్లు వివరించారు. కొత్తగా చేరిన పిల్లవాడి ప్యాంటు బెల్టు పట్టీని పాతవాడొకడు వెనకనుంచి పట్టుకుని నడిపిస్తాడు. మరుగుదొడ్డికి వెళ్లినా వదలడు. పొద్దున్నుంచి రాత్రిదాకా వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో వెన్ను ఆనకుండా కూర్చోవాలి. మాట్లాడే అవకాశం కావాలంటే చేతులు గాలిలో విపరీతంగా ఊపాలి. మాట్లాడవలసింది కూడా ఒక్కటే: తాను ఎంత పాడైపోయాడో, ఏయే మత్తు తీసుకున్నాడో, ఇంట్లో ఎంత నీచంగా ప్రవర్తించాడో. రాత్రికి మరో ‘పాత’ పిల్లవాడి ఇంట్లో తాళం వేసిన గదిలో నిద్ర. చదువు లేదు, పుస్తకం లేదు, అమ్మానాన్నలతో ఏకాంతంగా మాట్లాడే వీలు లేదు.

ఇదంతా మూలనున్న ఏ పల్లెలోనో రహస్యంగా జరగలేదు. 1982లో అమెరికా అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ అక్కడికి వెళ్లి మెచ్చుకుంది. 1985లో ఆమెతో కలిసి బ్రిటన్ యువరాణి డయానా వర్జీనియా శాఖను చూడడానికి వచ్చింది. పెద్దలు వచ్చి దీవించిన చోటును ఏ తండ్రి అనుమానిస్తాడు? అయితే ఆ రెండు సందర్శనల మధ్యలో, 1983లో, వర్జీనియాలో ఒక జ్యూరీ స్ట్రెయిట్ మీద 2,20,000 డాలర్ల పరిహారం విధించింది. ఫిర్యాది ఒక కాలేజీ విద్యార్థి. అందులో ఉన్న తమ్ముణ్ణి చూడడానికి వెళ్తే, నువ్వూ వ్యసనపరుడివేనని అతణ్ణి కూడా నెలల తరబడి నిర్బంధించారు! ఫిర్యాదులు, దావాలు పెరిగి చివరికి 1993లో ఆ సంస్థ మూతపడింది. దాని పద్ధతులు మాత్రం వేరే పేర్లతో మిగిలాయి.

ఈ చరిత్రలో దెబ్బలు, ఆకలి, నిద్ర లేకపోవడం చాలా ఉన్నాయి. కానీ వేదాంతం చదువుకున్న వారిగా మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. అక్కడ చేరిన పిల్లలందరూ బానిసలు కారు. కొందరు రెండు మూడుసార్లు గంజాయి పీల్చినవాళ్లు, కొందరు అదీ లేనివాళ్లు. నేను వ్యసనపరుణ్ణి అని ఒప్పుకోనిదే మొదటి మెట్టు దాటనివ్వరు. ఒప్పుకున్నా చాలదు, ఇంకా దాస్తున్నావని గుంపంతా మీద పడుతుంది. అప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడు? కల్పిస్తాడు. చేయని పాపాలు చెబుతాడు. ఎంత భయంకరమైన పాపం చెబితే అంత త్వరగా ఇంటికి వెళ్లవచ్చు. అంటే ఆ గదిలో పిల్లలు నేర్చుకున్నది అబద్ధ సాక్ష్యం, అదీ తమ మీద తామే. తొమ్మిదో ఆజ్ఞను మీరడం నేర్పి, దానికి మార్పు అని పేరు పెట్టారు.

ప్రొటెస్టెంటు సంఘాల వారికి ఈ విషయం కొత్తగా ఉండకూడదు. ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒకసారైనా గురువు ముందు పాపాలు ఒప్పుకుని తీరాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ శాసించింది. ఆ ఒప్పుకోలును ఆజ్ఞాపించే అధికారం పోపుకు ఉందా అని ప్రశ్నిస్తూ 1521లో మార్టిన్ లూథర్ ఒక పుస్తకమే రాశాడు. విచిత్రమేమంటే, ఒప్పుకోలును లూథర్ తృణీకరించలేదు. ఆ ఆదరణను తాను వదులుకోనని మరుసటి ఏడాది విటెన్‌బర్గ్ ప్రసంగాల్లో చెప్పాడు. ఆయన వద్దన్నది బలవంతాన్ని. ఒప్పుకోలు ఎంత అమూల్యమైనదో, దాన్ని మెడ మీద చెయ్యి వేసి రాబట్టడం అంత ప్రమాదకరమని ఆయనకు తెలుసు. మనం సంస్కరణ దినాన్ని ఏటా జరుపుకుంటాం. మన పిల్లల విషయంలో మాత్రం 1215కి వెళ్లిపోతామా?

ఇక మన ఇంటి సంగతి. టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీలో లెస్టర్ రోలాఫ్ అనే బాప్టిస్టు రేడియో ప్రసంగీకుడు తాగుబోతుల కోసం, తర్వాత దారితప్పిన అబ్బాయిలు, అమ్మాయిల కోసం హోమ్‌లు నడిపాడు. తోలు బెల్టులతో కొట్టారని, పైపులకు కట్టేశారని అక్కడి అమ్మాయిలు 1973లో ప్రమాణపత్రాలు ఇచ్చారు. ఆయన దేన్నీ దాచుకోలేదు. బెత్తం గురించిన సామెతల వాక్యాలు చూపించి సమర్థించుకున్నాడు. ప్రభుత్వ లైసెన్సు తీసుకోవడమంటే సంఘం కైసరుకు లొంగిపోవడమేనని వాదించాడు. 1979లో అధికారులు హోమ్‌ను మూయడానికి వస్తే ఆయన పక్షాన కాపరులు, విశ్వాసులు చేయి చేయి కలిపి గొలుసులా నిలబడ్డారు. ఆ గొలుసు బయటివాళ్లను ఆపింది, నిజమే. లోపల ఉన్న ఆడపిల్లల మాట వినడానికి అందులో ఒక్క చేయి విడిపోయి ఉంటే బాగుండేదని మాకనిపిస్తుంది.

రోలాఫ్ 1982లో విమాన ప్రమాదంలో మరణించాడు. టెక్సాస్ 1997లో విశ్వాస సంస్థలకు ప్రభుత్వ లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చే చట్టం చేసి, అనుభవం చూశాక 2001లో దాన్ని పొడిగించకుండా వదిలేసింది. మిస్సోరి రాష్ట్రంలో 1982 నుంచి ఉన్న అలాంటి మినహాయింపు 2021 వరకు సాగింది. అంటే దాదాపు నలభై ఏళ్లపాటు ‘ఇది దేవుని పని’ అన్న ఒక్క మాట తనిఖీ అధికారిని గేటు బయట నిలబెట్టింది. అక్కడి పూర్వ విద్యార్థులు పెద్దవాళ్లై నోరు విప్పాకే, 2021లో సిబ్బంది పూర్వాపరాలు పరిశీలించాలనే చట్టం వచ్చింది. అక్కడి అగాపె బోర్డింగ్ స్కూల్ 2023 జనవరిలో మూతపడింది. అగాపె! ఏ ప్రేమకు ఆ గ్రీకు మాటను పౌలు వాడాడో మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు.

1994లో యూటా ఎడారిలో పదహారేళ్ల అబ్బాయి చనిపోయాడు. గంజాయి అలవాటు మాన్పించాలని తల్లిదండ్రులు డబ్బు కట్టి అడవి శిబిరానికి పంపారు. సరైన తిండి లేకుండా మైళ్ల కొద్దీ నడిపించారు. కడుపునొప్పి అంటే నాటకం అన్నారు. పేగు పుండు పగిలి విషం పాకి ప్రాణం పోయింది. 1990 నుంచి 2004 వరకు ఇలా జరిగిన పది మరణాలను అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ పరిశీలించి 2007లో పార్లమెంటుకు నివేదించింది. 2005 ఒక్క సంవత్సరంలోనే 33 రాష్ట్రాల్లో ఇటువంటి కేంద్రాల సిబ్బంది 1,619 మంది పిల్లల వేధింపు ఘటనల్లో ఉన్నారని కూడా అందులో ఉంది. ఈ కేంద్రాలపై దేశవ్యాప్త అధ్యయనానికి చట్టం రావడానికి ఆ తర్వాత ఇంకా పదిహేడేళ్లు, 2024 డిసెంబరు వరకు పట్టింది.

‘అయితే మా వాణ్ణి చావనివ్వమంటారా?’ అని ఒక తల్లి అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అనమని గట్టిగా చెబుతున్నాం. పదిహేనేళ్ల కుర్రవాడు వద్దన్నా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన రోజు ఉంటుంది, అది తల్లిదండ్రుల బాధ్యత. కొన్ని రకాల మత్తు మందులు, మద్యం ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణానికే ముప్పు. అక్కడ కావలసింది డాక్టరు, ఉపవాస కూటం ఒక్కటే చాలదు. కానీ వైద్యానికి తీసుకెళ్లడం వేరు, నోరు నొక్కి ఎవరికీ కనిపించని చోట పడేయడం వేరు. తిరగబడిన కుమారుని గూర్చి ధర్మశాస్త్రంలో ఉన్న అతి కఠినమైన ఆజ్ఞ చూడండి (ద్వితీయోపదేశకాండం 21:18–21). అది ఒక్కసారైనా అమలు కాలేదని యూదు రబ్బీల్లో కొందరు అన్నారు. ఆ ఆజ్ఞ కూడా తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి, ఊరి గుమ్మం దగ్గర, పెద్దలందరి ముందుకు కొడుకుని తీసుకురావాలంటోంది. చాటుగా కాదు, ఒకరి మాట మీద కాదు. మోషే కాలంలో తప్పనిసరైన ఆ వెలుగు ఈ శిబిరాల్లో లేకపోయింది.

మన సంఘాల్లో చాలామందికి తెలిసిన డేవిడ్ విల్కర్సన్‌ను గుర్తుచేసుకుందాం. పెన్సిల్వేనియాలో పల్లెటూరి కాపరి ఆయన. 1958లో హత్య కేసులో నిలబడిన కుర్రవాళ్ల గురించి పత్రికలో చదివి న్యూయార్క్ వెళ్లాడు. నిక్కీ క్రజ్ వంటి ముఠా నాయకుడు చంపుతానని బెదిరించినా ప్రేమిస్తున్నాననే చెప్పాడు. వీధిలో నిలబడి చెప్పిన మాట అది. వినకుండా వెళ్లిపోవడానికి ఆ కుర్రవాడికి ఊరంతా ఉంది. ధనవంతుడైన యువకుడు వెళ్లిపోతుంటే ప్రభువు కూడా అతణ్ణి ప్రేమించాడు, వెళ్లనిచ్చాడు (మార్కు 10:21–22). గెరాసేనుల దేశంలో బాగుపడినవాణ్ణి తన వెంట ఉంచుకోకుండా ఇంటికి, తనవాళ్ల దగ్గరికి పంపాడు.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. చికిత్స ఇచ్చే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో బంధించడం నిషేధం. రోగికి ఫోన్ చేసుకునే హక్కు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరైనా మానసిక వైద్యుడై ఉండాలి. పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. 72 గంటల్లోగా సమీక్షా బోర్డుకు తెలపాలి. ముఖ్యంగా, పిల్లవాడు అక్కడ ఉన్నన్నాళ్లూ తల్లిదండ్రుల్లో ఒకరో, వారు నియమించిన తోడో పక్కన ఉండాలని చట్టమే చెబుతోంది. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే దగ్గరలో ఉన్న కేంద్రం వివరాలు చెబుతారు. గుమ్మం మీద సిలువ ఉన్నా లేకున్నా, మా అబ్బాయి పక్కన నేను ఉంటాను అని తల్లి అన్నప్పుడు ‘ఇక్కడ అలా కుదరదమ్మా’ అన్నారంటే, పిల్లవాణ్ణి అక్కడ దించకుండా అదే ఆటోలో వెనక్కి తీసుకురండి.