నగర దోమలలో కీటకనాశక నిరోధకత: భావన, కారణాలు, పర్యవసానాలు

వ్యాససంగ్రహం:
నగరాలలో డెంగీ, మలేరియా వంటి వ్యాధులను వ్యాపింపజేసే దోమలు కీటకనాశకాలకు లొంగకపోవడాన్ని సాధారణ వ్యవహారంలో 'మందుకు అలవాటు పడటం' అంటారు. శాస్త్రదృష్టిలో ఇది అలవాటు కాదు. వరణం ద్వారా ఒక జనాభాలో వచ్చే వంశపారంపర్యమైన మార్పు. ఈ భేదాన్ని వివరించి, దాని ఆధారంగా దోమల నియంత్రణ పద్ధతులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కీటకనాశక నిరోధకత, ఈడిస్ ఈజిప్టై, పైరెత్రాయిడ్లు, వరణ ఒత్తిడి, ఫాగింగ్.

1. ఉపోద్ఘాతం:
1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. అప్పటి నుంచి ఆ వ్యాధిపై పోరాటంలో దోమపై పోరాటం ప్రధాన భాగమైంది. డెంగీ విషయంలో ఇది మరింత వాస్తవం. డెంగీ వైరస్‌ను నేరుగా నశింపజేసే నిర్దిష్ట ఔషధం వైద్యుల చేతిలో లేదు. కనుక వ్యాధి ప్రబలినప్పుడు దానిని మోసుకొచ్చే ఈడిస్ ఈజిప్టై దోమను అదుపు చేయడమే ప్రధాన రక్షణ. ఆ దోమను చంపవలసిన మందు పనిచేయకపోతే సమాజం తన రక్షణలలో ముఖ్యమైనదానిని కోల్పోతుంది. కీటకనాశక నిరోధకత ప్రజారోగ్య సమస్య కావడానికి కారణం ఇదే.

2. నిరోధకత - పదం, భావన:
'దోమలు మందుకు అలవాటు పడ్డాయి', 'రాటుదేలాయి' అనే మాటలు తెలుగులో తరచుగా వినిపిస్తాయి. ఈ మాటలు ఒక దోమ తన జీవితకాలంలో విషాన్ని సహించడం నేర్చుకుందన్న అర్థాన్నిస్తాయి. 'రోగనిరోధక శక్తి' అన్న పరిచిత పదంతో ఉన్న పోలిక కూడా ఈ భ్రమను బలపరుస్తుంది. మనిషి శరీరం ఒక రోగక్రిమిని ఎదుర్కొన్నాక దానిపై రక్షణను సంతరించుకుంటుంది. దోమల విషయంలో జరిగేది వేరు. తట్టుకునే లక్షణం కొన్ని దోమలలో మందు చల్లకముందే జన్యువుల రూపంలో ఉంటుంది. మందు ఆ లక్షణం లేనివాటిని తొలగిస్తుంది. మిగిలినవి సంతానాన్ని కంటాయి.

ఒక ఊహాత్మక లెక్కతో దీనిని గ్రహించవచ్చు. ఒక కాలనీలో 10,000 దోమలున్నాయని, వాటిలో 10 మాత్రమే మందును తట్టుకోగలవని అనుకుందాం. మందు సాధారణ దోమలలో 90 శాతాన్ని చంపితే 999 సాధారణ దోమలు, 10 నిరోధక దోమలు మిగులుతాయి. అప్పటివరకు 0.1 శాతంగా ఉన్న నిరోధక దోమల వాటా దాదాపు 1 శాతమవుతుంది. లక్షణం సంతానానికి యథాతథంగా సంక్రమించి, దోమల సంఖ్య మళ్ళీ 10,000కు చేరిందనుకుంటే, రెండవసారి మందు చల్లాక ఆ వాటా సుమారు 9 శాతం, మూడవసారికి సుమారు 50 శాతం అవుతుంది. ప్రకృతిలో వంశసంక్రమణం ఇంత సరళంగా ఉండదు. అయినా మార్పు మొదట కంటికి కనిపించకుండా సాగి, తరువాత ఒక్కసారిగా బయటపడే తీరును ఈ లెక్క చూపుతుంది. ఇక్కడ ఏ దోమా ఏమీ నేర్చుకోలేదు, మారినది జనాభా.

3. నిరోధకత పనిచేసే తీరు:
ప్రస్తుతం దోమలపై విరివిగా వాడుతున్నవి పైరెత్రాయిడ్లు. చామంతి కుటుంబానికి చెందిన పైరెత్రమ్ పూలలోని విషానికి ఇవి కృత్రిమ రూపాలు. దోమ నాడీకణాలలో సోడియం అయాన్లను లోనికి పంపే ద్వారాలుంటాయి. పైరెత్రాయిడ్ అణువు ఆ ద్వారాన్ని అంటిపెట్టుకుని దానిని మూసుకోనివ్వదు. నాడులు అదుపు తప్పి దోమ నేలకూలి చనిపోతుంది.

ఆ ద్వారం ఒక ప్రోటీన్. అమైనో ఆమ్లాల వరుసతో అది ఏర్పడుతుంది. 'కల' అన్న మాటలో ఒక్క అక్షరం మారి 'కళ' అయితే అర్థం మారినట్లు, ఈ వరుసలో ఒక్క అమైనో ఆమ్లం మారినా మందు అతుక్కునే తీరు మారిపోవచ్చు. ఉదాహరణకు 1534వ స్థానంలో ఫినైల్‌అలనిన్‌కు బదులు సిస్టీన్ చేరిన ఉత్పరివర్తనం భారతదేశంతో సహా అనేక దేశాల ఈడిస్ దోమలలో కనిపించింది. దీనిని లక్ష్యస్థాన నిరోధకత అంటారు.

రెండవది జీవక్రియా నిరోధకత. దోమ శరీరంలోని సైటోక్రోమ్ పి-450, ఎస్టరేజ్ వంటి ఎంజైములు అధికంగా ఉత్పత్తి అయి, విషం నాడులను చేరకముందే దానిని విచ్ఛిన్నం చేస్తాయి. బాహ్యచర్మం మందమై విషం లోనికి చొరబడే వేగం తగ్గడం మూడవ పద్ధతి. ఒకే దోమలో ఇవన్నీ కలిసి ఉండవచ్చు.

డి.డి.టి. కూడా సోడియం ద్వారాల మీదనే పనిచేస్తుంది. అందువల్ల డి.డి.టి. వాడకంలో నిలదొక్కుకున్న లక్ష్యస్థాన మార్పు తరువాత వచ్చిన పైరెత్రాయిడ్లను సైతం బలహీనపరచగలదు. మందు పేరు మార్చడం, దాని పనితీరును మార్చడం ఒకటి కావని దీనివల్ల స్పష్టమవుతుంది.

4. చారిత్రక అనుభవం:
డి.డి.టి.కి కీటకాలను చంపే గుణముందని 1939లో పాల్ ముల్లర్ కనుగొన్నారు. అందుకు 1948లో నోబెల్ బహుమతి పొందారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి భారతదేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మలేరియా కేసులుండేవని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. ఇళ్ళ గోడలపై డి.డి.టి. చల్లడం వాటిలో ప్రధానాంశం. 1960ల మధ్యనాటికి కేసులు దాదాపు 1 లక్షకు తగ్గాయి. కానీ 1976 నాటికి 64 లక్షలు దాటాయి. పర్యవేక్షణ సడలడం, మందుల సరఫరాలో లోపాలు, పరాన్నజీవి క్లోరోక్విన్‌ను తట్టుకోవడం వంటి కారణాలతో పాటు దోమలలో పెరిగిన నిరోధకత కూడా ఈ తిరోగమనానికి దోహదం చేసింది.

1971లో ప్రారంభమైన పట్టణ మలేరియా పథకం మరొక మార్గం ఎంచుకుంది. నగరాలలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమ బావులు, నీటితొట్లు, మేడలపై ట్యాంకులలో గుడ్లు పెడుతుంది. అందుచేత ఆ పథకం లార్వాల నివారణకు ప్రాధాన్యమిచ్చింది. ఎగిరే దోమ కంటే నిలిచిన నీటిపై దృష్టి పెట్టిన ఆ ఆలోచన నేటికీ విలువైనదే.

5. వియత్నాం, కంబోడియా దృష్టాంతం:
నిరోధకత ఎంత తీవ్రస్థాయికి చేరగలదో 2022 డిసెంబరులో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. జపాన్ జాతీయ అంటువ్యాధుల సంస్థకు చెందిన షింజీ కసాయి బృందం వియత్నాంలో సేకరించిన ఈడిస్ ఈజిప్టై దోమలలో, సోడియం ద్వారపు 982వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ ఉన్న జన్యురూపాన్ని 78 శాతానికి మించిన స్థాయిలో గుర్తించింది. కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో, ఒకే జన్యువులో రెండేసి ఉత్పరివర్తనాలు కలిసి ఉన్న రూపాల వాటా 90 శాతం దాటింది. అటువంటి దోమలు, అంతకుముందు బయటి పరిసరాలలో నమోదైన ఏ ఈడిస్ జనాభా కంటే ఎక్కువగా పైరెత్రాయిడ్లను తట్టుకున్నాయి.

6. నగరం - వరణ ఒత్తిడి:
ఈ పరిణామానికి నగరం అనువైన క్షేత్రం. పురపాలక సిబ్బంది ఫాగింగ్‌లో వాడే మందులలో సైఫినోత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్లున్నాయి. ఇళ్ళలో రాత్రంతా వెలిగే కాయిల్స్, ద్రవరూప మందులలోని అలెత్రిన్, ప్రాలెత్రిన్, ట్రాన్స్‌ఫ్లూత్రిన్ కూడా ఆ వర్గానివే. వీధిలో చల్లేదీ, గదిలో వెలిగించేదీ వేర్వేరు మందులని పౌరుడు భావిస్తాడు. దోమ నాడీకణానికి మాత్రం అవి ఒకే దెబ్బ.

పైగా ఈడిస్ దోమ ఇళ్ళలోపల చీకటి మూలల్లో, మంచాల కింద, వేలాడే బట్టల వెనుక విశ్రమిస్తుంది. వీధిలో వదిలిన పొగలో అక్కడికి చేరేది స్వల్పం. దాని గుడ్లు నీరులేకున్నా నెలల తరబడి సజీవంగా ఉండగలవు. పొగ వాటినేమీ చేయదు. ఫాగింగ్ పౌరులకు ప్రభుత్వం స్పందించిందన్న భరోసానిస్తుంది. ఆ భరోసా కోసం అవసరం లేనప్పుడు కూడా మందును ఖర్చుచేస్తే, వ్యాధి నిజంగా ప్రబలిన రోజున అదే మందు నిష్ఫలమవుతుంది. మందు పనిచేసే గుణం నగరవాసులందరి ఉమ్మడి ఆస్తి. వాడేకొద్దీ తరిగే ఆస్తి.

7. నిర్ధారణ, ప్రత్యామ్నాయాలు:
మందు పనిచేస్తోందా లేదా అన్నది ఊహించవలసిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గొట్టపు పరీక్షలో, మందు పూసిన కాగితమున్న గొట్టంలో ఆడదోమలను 1 గంట ఉంచి, 24 గంటల తరువాత మరణాలను లెక్కిస్తారు. 98 శాతం లేదా అంతకు మించి మరణిస్తే జనాభా మందుకు లొంగుతున్నట్లు. 90 శాతం కంటే తక్కువైతే నిరోధకత నిర్ధారణ అయినట్లు. మందును ఎంపిక చేసే ముందు స్థానిక దోమలపై ఈ పరీక్ష జరపడం కనీస అవసరం.

నిరోధకత బయటపడినప్పుడు మోతాదు పెంచడం సహజంగా తోచే పరిష్కారం. 'అలవాటు' అన్న భావనే ఆ ఆలోచనకు దారితీస్తుంది. వరణం అన్న భావన మరో దారి చూపుతుంది: పనితీరు భిన్నమైన మందులను మార్చిమార్చి వాడటం, మందు అవసరమే తక్కువయ్యేలా లార్వాలను నివారించడం. బి.టి.ఐ. అనే బాక్టీరియా విషం లార్వాల పేగులను దెబ్బతీస్తుంది. అందులో పలు విషప్రోటీన్లు కలిసి పనిచేయడం వల్ల దానిని తట్టుకోవడం దోమకు కష్టసాధ్యం. ఈడిస్ గుడ్డు నుంచి దోమగా మారడానికి సాధారణంగా వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని 'ఫ్రైడే - డ్రైడే', హైదరాబాదులో సాగిన 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' కార్యక్రమాలకు ఈ జీవచక్రమే ప్రాతిపదిక. తొట్టి కడిగి ఆరబెట్టడానికి తట్టుకునే జన్యువేదీ అక్కర పడదు; ఆ పని ఎన్నిసార్లు చేసినా దాని ప్రభావం తరగదు.

వొల్బాకియా బాక్టీరియా ఉన్న దోమలలో డెంగీ వైరస్ వృద్ధి తగ్గుతుంది. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో అటువంటి దోమలను విడుదల చేసిన ప్రాంతాలలో డెంగీ 77 శాతం తగ్గినట్లు 2021లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. అయితే బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో తొలి ప్రయత్నం నిలదొక్కుకోలేదు. ప్రయోగశాలలో పెరిగిన దోమలకు స్థానిక దోమలకున్న నిరోధకత లేకపోవడమే కారణం. స్థానిక దోమలతో సంకరం చేసి ఆ లక్షణాన్ని కల్పించిన తరువాతే వొల్బాకియా అక్కడ స్థిరపడింది. ఇళ్ళలోని మందుల వాడకం, మేలు చేయవలసిన దోమను సైతం బతకనివ్వని స్థితిని తెచ్చిందన్నమాట.

8. ముగింపు:
కీటకనాశక నిరోధకత దోమల తెలివికి నిదర్శనం కాదు. మనుషులు ఏ మందును, ఎక్కడ, ఎన్నిసార్లు వాడారో తెలిపే జన్యురూప చరిత్ర అది. దానిని 'అలవాటు'గా చూసినంతకాలం మరింత గాఢమైన మందు కోసం వెతుకులాట సాగుతుంది. వరణంగా గుర్తిస్తే మందును అత్యవసర సమయానికి దాచుకోవడం, పరీక్షించి వాడటం, నిలిచిన నీటిని తొలగించడం ప్రధాన కర్తవ్యాలవుతాయి. శాస్త్ర విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఎంచుకునే మాట, ఆచరణను కూడా నిర్దేశిస్తుంది. పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ఆరోగ్యశాఖ ప్రకటనలు ఈ విషయంలో సరైన పదాన్ని వాడటం ప్రజారోగ్య రక్షణలో భాగమే.