స్పంజీ మొక్కా, జంతువా? మన పిల్లల ప్రశ్నకు మనం చెప్పవలసిన జవాబు



మొన్న యవ్వనస్థుల కూడిక ముగిశాక, ఇంటర్ బైపీసీ చదువుతున్న ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, జంతువులన్నిటిలో స్పంజికలు మొదట వేరుపడ్డాయని మా పుస్తకంలో ఉంది. ఇంట్లో అడిగితే, పరీక్షలో రాసెయ్యి గానీ మనసులో పెట్టుకోకు అన్నారు. అలా చేయొచ్చా?" అని అడిగింది. కుర్చీలు సర్దే హడావిడిలో ఉండి, "ప్రార్థన చేసుకో అమ్మా, తరువాత మాట్లాడదాం" అని పంపివేశాము. ఇంటికి చేరాక ఆ జవాబుకు మేమే సిగ్గుపడ్డాము. ఆమె అడిగింది మార్కుల సంగతి కాదు. నమ్మనిది రాయవచ్చునా అని అడిగింది. అందుకే ఈ వారం సంపాదకీయం స్పంజికల మీద.

స్పంజీ మనకు తెలియని వస్తువు కాదు. మత్తయి, మార్కు, యోహాను సువార్తలు మూడూ సిలువ దగ్గర చిరకాలో ముంచిన స్పంజీని ప్రస్తావిస్తాయి. అది మనం గిన్నెలు తోముకునే ప్లాస్టిక్ ముక్క వంటిది కాదు. ఆ కాలంలో స్పంజీ అంటే సముద్రంలో మునిగి, అడుగున రాళ్లకు అంటుకున్నదాన్ని కోసి తెచ్చేవారు. మెత్తని భాగమంతా కుళ్లిపోయాక కడిగి ఆరబెడితే మిగిలే పీచు అది. అంటే ఒక ప్రాణి అస్థిపంజరం.

అది ప్రాణి అని తేలడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అరిస్టాటిల్ కాలంలోనే, కోయబోతే స్పంజీ ముడుచుకుంటుందని కొందరు, అదేమీ లేదని మరికొందరు వాదించుకునేవారు. కదలదు, నోరు లేదు, కళ్లు లేవు. అందుకే ఎంతోమంది దాన్ని మొక్కల్లో చేర్చారు. 1765లో జాన్ ఎల్లిస్ స్పంజిక రంధ్రాల్లో నీరు కదలడం గమనించి, ఇది జంతువేనని రాశాడు. 1825లో ఎడిన్‌బరోలో రాబర్ట్ గ్రాంట్ అనే వైద్యుడు బతికి ఉన్న చిన్న స్పంజికను సముద్రపు నీటిలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూశాడు. దాని పెద్ద రంధ్రంలోంచి నీరు ఊటలా ఆగకుండా పైకి చిమ్ముతోంది. రంధ్రాలు గలవి అనే అర్థంలో 'పొరిఫెరా' అన్న పేరు స్థిరపడింది ఆయన వల్లనే.

ఆ నీటిని తోడేది ఏమిటి? స్పంజికకు గుండె లేదు, కడుపు లేదు, నరాలు లేవు. ఒంటినిండా సన్నని రంధ్రాలు, వాటి వెనుక కాలువలు, కాలువల వెంట చిన్న గదులు ఉంటాయి. ఆ గదుల గోడలకు లెక్కలేనన్ని కణాలు అంటుకుని ఉంటాయి. ఒక్కొక్క కణానికి కొరడా లాంటి తోక, ఆ తోక చుట్టూ జల్లెడ లాంటి పట్టీ. తోకలన్నీ కొట్టుకుంటుంటే నీరు సన్న రంధ్రాల గుండా లోపలికి వచ్చి, పెద్ద రంధ్రం గుండా బయటికి పోతుంది. దారిలో బాక్టీరియా ఆ పట్టీలకు చిక్కుకుంటుంది. అదే దాని భోజనం.

ఇంకొక విశేషం. 1907లో హెచ్.వి. విల్సన్ అనే శాస్త్రవేత్త బతికి ఉన్న స్పంజికను సన్నని పట్టుబట్ట గుండా నొక్కి, కణాలు విడివిడిగా నీటిలో పడేలా చేశాడు. ఆ కణాలు చచ్చిపోలేదు. పాకుతూ ఒకదాన్నొకటి చేరుకుని, మళ్లీ స్పంజికలుగా రూపుదిద్దుకున్నాయి.

ఇప్పటివరకు వర్ణించిన స్పంజికల జాతులు తొమ్మిది వేలకు పైనే. వాటిని నాలుగు తరగతులుగా విభజిస్తారు. మొదటి గుర్తు అస్థిపంజరం. సున్నపు ముళ్లు గలవి ఒక తరగతి. గాజుకు మూలమైన సిలికాతో చేసిన, ఆరు కొనల ముళ్లు గలవి ఇంకొకటి. వీటిని గాజు స్పంజికలంటారు. సిలికా ముళ్లో, మెత్తని పీచో, రెండూనో ఉండే డెమోస్పంజికలు మూడవది. జాతుల్లో అత్యధిక భాగం వీటిదే. పైన చెప్పిన స్నానపు స్పంజీ కూడా ఇందులోనిదే. నాలుగవ తరగతిని చాలాకాలం ఈ మూడవదానిలోనే కలిపి చూశారు. జన్యువులు పోల్చి చూశాక వేరుచేశారు. మన చర్మం కింద ఉండేటటువంటి ఆధార పొర వాటిలో స్పష్టంగా ఉంటుంది.

ఇవన్నీ దూర సముద్రాల సంగతులు అనుకోవద్దు. మంచినీటి స్పంజికలు మన దేశపు చెరువుల్లో కొమ్మలకూ ఇటుకలకూ అంటుకుని పెరుగుతాయి. కలకత్తా ఇండియన్ మ్యూజియంకు చెందిన నెల్సన్ అనండేల్ 1911లోనే వాటి మీద పుస్తకం వెలువరించాడు. చెరువు ఎండితే స్పంజిక చనిపోతుంది గానీ, అది విడిచిన గట్టి గింజల్లాంటి మొగ్గలు ఎండను తట్టుకుని, నీరు వచ్చినప్పుడు మళ్లీ మొలకెత్తుతాయి.

ఇక ఆ అమ్మాయి అసలు ప్రశ్న. స్పంజికలు మొదట వేరుపడ్డాయని ఎందుకంటారు? 1860లలో హెన్రీ జేమ్స్ క్లార్క్ ఒక పోలిక గమనించాడు. తోక, పట్టీ గల స్పంజిక కణం అచ్చంగా నీటిలో ఒంటరిగా బతికే ఒక రకపు ఏకకణ జీవిలా ఉంది. తరువాత జన్యువులు చదివినప్పుడు, బతికి ఉన్న ఏకకణ జీవులన్నిటిలో జంతువులకు అతి దగ్గరి బంధువులు అవేనని తేలింది. 2010లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల దగ్గరి ఒక స్పంజిక జన్యుపటం ప్రచురితమైంది. కణాలు ఒకదానికొకటి అంటుకోవడానికి, కబురు పంపుకోవడానికి మన శరీరంలో పనిచేసే జన్యు కుటుంబాలు ఎన్నో అందులో కనబడ్డాయి.

దీని అర్థం నేటి స్పంజిక నుంచి మనిషి వచ్చాడని కాదు. ఏ శాస్త్రవేత్తా అలా అనడు. వారి లెక్కలో స్పంజికలు మనకు తాతలు కారు, దాయాదులు. వంశం చాలా వెనుక చీలింది, అంతే.

మొదట చీలినది స్పంజికేనా అన్నదానిపై మాత్రం గట్టి వివాదం ఉంది. 2008 నుంచి కొన్ని జన్యు పరిశోధనలు, మొదట విడిపోయినవి దువ్వెన జెల్లీలని చెబుతున్నాయి. వాటికి నరాలు, కండరాలు ఉన్నాయి. అదే నిజమైతే నరాలు రెండుసార్లు విడివిడిగా ఏర్పడి ఉండాలి, లేదా స్పంజికలు వాటిని పోగొట్టుకుని ఉండాలి. 2023లో క్రోమోజోముల అమరికను పోల్చిన పరిశోధన దువ్వెన జెల్లీల పక్షాన నిలిచింది. ఇతర పరిశోధనలు స్పంజికలనే మొదట నిలుపుతున్నాయి. శిలాజాల్లోనూ ఇంతే. కెనడాలో 89 కోట్ల ఏళ్ల నాటి రాతిలో స్పంజిక జాడలున్నాయని 2021లో ఒకరు ప్రకటిస్తే, చాలామంది ఒప్పుకోలేదు. 50 కోట్ల ఏళ్లకు పైబడిన కేంబ్రియన్ కాలపు రాళ్లలోని స్పంజికల విషయంలో ఆ తగవు లేదు.

ఇక్కడ మన సంఘాలకు ఒక మాట. "చూశారా, వాళ్లలో వాళ్లకే పొత్తు కుదరలేదు, అంతా అబద్ధమే" అని వేదికల మీద అనడం మేము విన్నాము. ఒకప్పుడు మేమూ అన్నాము. అది న్యాయం కాదు. వారు వాదించుకుంటున్నది ఏ కొమ్మ ముందు చీలిందని. చెట్టే లేదని వారిలో ఎవరూ అనడం లేదు. అబద్ధ సాక్ష్యం పలుకకూడదన్న ఆజ్ఞ మనతో ఏకీభవించని పొరుగువాని విషయంలోనూ వర్తిస్తుంది.

ఆదికాండము రెండవ అధ్యాయంలో ఆదాము పశువులకు, పక్షులకు, భూజంతువులకు పేర్లు పెట్టాడు. సముద్రపు ప్రాణుల ప్రస్తావన ఆ చోట లేదు. ఆ పని మిగిలే ఉందని మేము అనుకుంటాము. సృష్టి దినాలను అక్షరార్థంగా తీసుకునేవారు, దీర్ఘకాలాలుగా చదివేవారు, పరిణామం కూడా దేవుని చేతి పనేనని నమ్మేవారు ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనంలో పాలుపొందుతున్నారు. ఆ చర్చ ఒక్క వ్యాసంలో తీరేది కాదు. కాని తెలుసుకోవడానికి భయపడే విశ్వాసం మన పిల్లలకు ఇవ్వదగిన ఆస్తి కాదు.

ఫ్లోరిడా తీరపు సముద్రంలోని ఒక స్పంజికలో వెర్నర్ బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త 1950 ప్రాంతంలో కొత్త రకపు అణువులను కనుగొన్నాడు. వాటి నమూనాను ఆధారం చేసుకుని తరువాత తయారైన మందు సైటరబీన్. నేటికీ రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు. మనం ఉపవాసముండి ప్రార్థించే రోగులలో కొందరి సెలైన్ సీసాలోకి ఆ మందు వచ్చిందంటే, ఎవరో స్పంజికను శ్రద్ధగా చూశారు గనుకనే.

కాబట్టి అమ్మా, నీకు ఆ రోజే చెప్పవలసిన జవాబు ఇది. పరీక్షలో రాయి. అర్థం చేసుకుని రాయి. ఆధారాలను బట్టి శాస్త్రవేత్తలు ఇలా నిర్ధారించారని రాయడంలో అబద్ధమేమీ లేదు. నీకు ఒప్పుదల కాని చోట ప్రశ్న అడుగు, మమ్మల్నీ అడుగు. వచ్చే కూడికకు ఆ పాఠ్యపుస్తకం వెంట తీసుకురా. ఈసారి కుర్చీలు ఇంకెవరైనా సర్దుతారు.