వెబ్‌సైటుకీ ఉంది ఓ పరీక్ష!

చూపులేనివారు ఇంటర్నెట్‌ వాడగలరా? భేషుగ్గా వాడుతున్నారు. తెరమీది అక్షరాలను కంప్యూటరే పైకి చదివి వినిపిస్తుంది. మౌస్‌తో పనిలేకుండా కీబోర్డు మీటలతోనే పనంతా నడిచిపోతుంది. చిక్కల్లా వెబ్‌సైట్లతోనే. 'దరఖాస్తు పంపండి' అని రాయాల్సిన చోట ఒట్టి బొమ్మ పెట్టి వదిలేస్తే, వినేవారికి 'బటన్‌' అన్న మాట తప్ప ఇంకేమీ వినిపించదు. నొక్కితే దరఖాస్తు వెళుతుందో, నింపినదంతా చెరిగిపోతుందో తెలీదు. గడువు చివరిరోజున ఆ ఒక్క తప్పు ఓ ఉద్యోగాన్నే దూరం చేయొచ్చు. అలాంటి లోపాలను పట్టిచ్చే సాధనాలు చాలానే ఉన్నాయి.

ఎర్ర గుర్తు పడిందంటే...

అమెరికాలోని 'కాస్ట్‌' సంస్థ 1996లో తెచ్చిన 'బాబీ' ఈ సాధనాల్లో తొలితరానిది. 2008లో అది మూతపడింది. యూటా స్టేట్‌ యూనివర్సిటీలోని 'వెబ్‌ఎయిమ్‌' బృందం 2001లో అందుబాటులోకి తెచ్చిన 'వేవ్‌' మాత్రం నేటికీ ఉచితంగా దొరుకుతోంది. వెబ్‌సైటు చిరునామా ఇస్తే చాలు, పేజీలో తప్పున్న చోటల్లా ఎర్ర గుర్తు పెట్టి చూపిస్తుంది. బొమ్మకు వివరణ రాశారా, ఫారంలోని గడులకు పేర్లున్నాయా, అక్షరాలు వెనకున్న రంగులో కలిసిపోతున్నాయా... అన్నీ చూస్తుంది. తెల్లటి పేజీమీద లేత బూడిదరంగు అక్షరాలుంటే చత్వారం వచ్చిన తాతయ్యకీ కష్టమే కదా! అందుకే మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలంటోంది అంతర్జాతీయ ప్రమాణం.

వెబ్‌ఎయిమ్‌ 2019 నుంచి ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను ఇలా పరీక్షిస్తోంది. 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి!

మనిషే చూడాలి

బొమ్మకు వివరణ ఉందో లేదో సాధనం చెబుతుంది. అది సరైనదో కాదో చెప్పలేదు. చార్మినార్‌ ఫొటోకి 'గోల్కొండ కోట' అని రాసినా సరేనంటుంది. కాబట్టి చివరి పరీక్ష మనిషి చేయాల్సిందే. దానికి పనికొచ్చేదే 'ఎన్‌వీడీఏ'. తెరను చదివి వినిపించే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్‌ కరన్‌ మొదలుపెట్టగా, మిత్రుడు జేమ్స్‌ టే తోడయ్యారు. ఇద్దరూ చూపులేనివారే.

ఇది దయతో చేసే పని కాదు. డిజిటల్‌ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌ 30న సుప్రీంకోర్టు చెప్పింది.

మీరూ ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. మౌస్‌ పక్కనపెట్టి, టాబ్‌ మీట నొక్కుతూ ఏదైనా ఫారం నింపి చూడండి. మధ్యలో ఎక్కడైనా ఆగిపోయారా? కీబోర్డే ఆధారమైన వారందరికీ ఆ వెబ్‌సైటు రోజూ అక్కడే ఆగిపోతోందన్నమాట!