బొమ్మకు మాటలెందుకు?

సంభాషణ లేకుండా యానిమేషన్ సినిమా కథను బాగా చెప్పగలదా? ఎన్నో భాషలు పక్కపక్కన బతికే మాయాబందర్ లాంటి ఊరి నుంచి చూస్తే ఈ ప్రశ్న సినిమా పండితులకే పరిమితం కాదు.

మధ్య అండమాన్‌లోని మాయాబందర్ ఒక చిన్న రేవు పట్టణం. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రం. బర్మా నుంచి వచ్చిన కరెన్లు 1925లో దీని దగ్గరే వేబీ అనే ఊరు కట్టుకున్నారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వం ఈ ప్రాంతంలో భూములిచ్చి నిలబెట్టింది. అడవి పనుల కోసం ఛోటానాగపూర్ నుంచి వచ్చినవాళ్లను ఇక్కడ రాంచీవాళ్లని పిలుస్తారు. తమిళులు, మలయాళీలు, తెలుగువాళ్లు సరేసరి. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల మొత్తంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనది. వీధిలో అందరినీ కలిపేది హిందీ. ఇలాంటి చోట నాలుగిళ్ల పిల్లలను ఒక టీవీ ముందు కూర్చోబెట్టి కార్టూన్ పెడితే, అందులోని మాటలు ఒకరికి ఇంటి భాష, ఇంకొకరికి బడి భాష, మరొకరికి ఇంకా పట్టుబడని భాష. మాటలే లేని కార్టూన్ ముందు వాళ్లంతా సమానులు. అయితే అందరికీ అర్థం కావడం ఒకటి, కథ బాగా చెప్పడం మరొకటి. మొదటిది సులభంగా ఒప్పుకోవచ్చు. రెండోదానికే రుజువు కావాలి.

హైదరాబాద్ బుడతడు

రుజువు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఛోటా భీమ్‌ను 2008లో బుల్లితెరకు తెచ్చిన హైదరాబాద్ సంస్థ గ్రీన్ గోల్డ్ యానిమేషన్, 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ కోసం 'మైటీ లిటిల్ భీమ్' తీసింది. అదే భీముడు, కానీ ఇంకా మాటలు రాని వయసు. లడ్డూ కనబడితే పాకుతూ పోతాడు, అడ్డొచ్చినదాన్ని తోసేస్తాడు, నవ్వుతాడు, ఏడుస్తాడు. విదేశాల్లోనే 2 కోట్ల 70 లక్షల ఇళ్లలో దీన్ని చూశారని నెట్‌ఫ్లిక్స్ అదే ఏడాది ప్రకటించింది. భీముడి ఊరు ధోలక్‌పూర్ ఎక్కడుందో తెలియని పిల్లలకు కూడా ఆ లడ్డూ మీది ఆశ తెలిసిపోయింది. అయినా ఇది పూర్తి రుజువు కాదు. కొన్ని నిమిషాల ఎపిసోడ్‌లో ఒక కోరిక, ఒక ఆటంకం, ఒక అల్లరి ఉంటే చాలు. గంటన్నర సినిమాకు అది చాలదు. అక్కడ మనిషి మారాలి, కాలం గడవాలి, పశ్చాత్తాపం కలగాలి. పరీక్ష అక్కడుంది.

ఆ పరీక్షకు నటులతో తీసే సినిమా కంటే యానిమేషన్ ఎందుకు సిద్ధంగా ఉందో తెలుసుకోవాలంటే సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' (1987) చూడాలి. నోరున్న మనుషులు తెరమీద మాట్లాడకపోతే ప్రేక్షకుడు సంజాయిషీ అడుగుతాడు. అందుకే సింగీతం ప్రేమికులను సైగలతో మాట్లాడుకోక తప్పని దూరాల్లో నిలబెట్టారు, మాటతో పనిలేని సందర్భాలు అల్లారు. రణగొణలో బతకడానికి అలవాటుపడ్డ నిరుద్యోగికి పెద్ద హోటల్ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. తన పాత పేటలోని గోల రికార్డు చేసుకొచ్చి వింటే గానీ కన్ను మూతపడదు. పేదరికం గురించి ఎంత పెద్ద డైలాగు రాసినా ఈ ఒక్క దృశ్యానికి సాటిరాదు. కానీ సినిమా పొడవునా ఇలాంటి ఉపాయాలు వెతుక్కోవాల్సిందే. బొమ్మకు ఆ బెడద లేదు. పిల్లి మాట్లాడలేదేమని ఎవరూ అడగరు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నటుడి ముఖంలో అనుకోకుండా దొర్లే కదలికలు సవాలక్ష. బొమ్మ విషయంలో కనురెప్ప వాలడం కూడా ఎవరో నిర్ణయించి గీస్తేనే జరుగుతుంది. తెరమీద అనవసరమైనదేదీ లేదని తెలిసిన కన్ను, ప్రతి కదలికనూ అర్థం కోసం చదువుతుంది. మాట చేయాల్సిన పనిని ఆ చదువు చేస్తుంది.

గంటన్నర పరీక్ష

మైఖేల్ డుడాక్ డి విట్ తీసిన 'ది రెడ్ టర్టిల్' (2016) నిడివి 80 నిమిషాలు. జపాన్‌కు చెందిన స్టూడియో జిబ్లీ నిర్మాణంలో పాలుపంచుకుంది. దీవికి కొట్టుకొచ్చిన ఒక మనిషి తెప్ప కట్టినప్పుడల్లా ఎర్ర తాబేలు దాన్ని విరగ్గొడుతుంది. కోపంతో అతను తాబేలును వెల్లకిలా తిప్పి ఎండకు వదిలేస్తాడు. తర్వాత జాలిపడతాడు. తాబేలు స్త్రీ అవుతుంది, సంసారం, కొడుకు, ఉప్పెన, ముసలితనం వరుసగా వస్తాయి. తొలి స్క్రిప్టులో కొద్దిపాటి మాటలుండేవి. జిబ్లీ వాళ్ల సలహాతో వాటినీ తీసేశారు. ఫలితంగా ఆ మనిషి పేరేమిటో, ఎక్కడివాడో మనకు తెలియదు. ఇది లోపమా? మాయాబందర్ దగ్గరి కర్మాటాంగ్ తీరం ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెట్టడం చూసే ఊరివాళ్లకు, 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తెలిసిన దీవులకు ఆ తాబేలును, ఆ అలను ఎవరూ వివరించనక్కర్లేదు. వివరం లేనిచోట చూసేవారి అనుభవం వచ్చి చేరుతుంది.

లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ 'ఫ్లో' (2024) వరదలో చిక్కిన పిల్లి కథ. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీసిన ఈ చిన్న బడ్జెట్ సినిమా 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఇందులో జంతువులు మనుషుల్లా నటించవు. ఒంటరి పిల్లి ఇతరులను నమ్మడం నేర్చుకునే క్రమం చెవులు, తోక, అడుగు వేయడంలోని తటపటాయింపు ద్వారానే తెలుస్తుంది. మరోవైపు, దాదాపు మాట్లాడని టామ్ అండ్ జెర్రీ 1940 నుంచి లోకాన్ని నవ్వించారు. 1992లో పూర్తి నిడివి సినిమా తీసి ఇద్దరి చేతా మాట్లాడిస్తే విమర్శకులు పెదవి విరిచారు. ఆ జంటకు లేని మాట లోటుగా ఎన్నడూ కనబడలేదు, చేర్చిన మాటే అతకలేదు.

అభ్యంతరాలు

గతాన్నీ, 'ఇలా జరిగి ఉంటే' అన్న ఊహనూ మాట లేకుండా ఎలా చెబుతారన్నది మొదటి అభ్యంతరం. పాబ్లో బెర్గర్ 'రోబో డ్రీమ్స్' (2023) దీనికి జవాబు. బీచ్‌లో తుప్పుపట్టి ఉండిపోయిన రోబో, తనను వదిలి వెళ్లాల్సి వచ్చిన కుక్క దగ్గరికి తిరిగి చేరినట్టు మళ్లీ మళ్లీ కలగంటుంది. కల చెదిరినప్పుడల్లా జరగనిదేమిటో ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఇద్దరూ కలిసి ఆడిన పాట చివర్లో మళ్లీ మోగితే పోయిన స్నేహమంతా తిరిగొస్తుంది. కానీ ఆ పాటకు సాహిత్యం ఉంది కదా అనవచ్చు. నిజమే. అది అర్థం కాకపోయినా బాణీ గుర్తుంటే చాలు.

రెండో అభ్యంతరం మన సంప్రదాయం నుంచే వస్తుంది. తెలుగువాళ్ల బొమ్మ ఎప్పుడూ మౌనంగా లేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రాముడు తెర వెనుక గొంతుతోనే బతుకుతాడు. కేతిగాడు, బంగారక్క మోటు హాస్యం పూర్తిగా మాటలోనే ఉంది. చేర్యాల పటం ముందు కథకుడు పాడాల్సిందే. అయితే కారణం గమనించాలి. తోలుబొమ్మ చేయి ఊపగలదు, ముఖం మార్చలేదు. మారని ముఖానికి గొంతు భావం ఇస్తుంది. 1926లో లోటె రైనిగర్ నీడబొమ్మలతో తీసిన 'ప్రిన్స్ అచ్మెద్' కూడా మధ్యమధ్య అక్షరాల అట్టల సాయం తీసుకుంది. యానిమేషన్‌లో ముఖం మారుతుంది కాబట్టి ఆ ఆసరా తప్పనిసరి కాదు. కేతిగాడి వెటకారం మాత్రం మాట లేకుండా రాదు. యాస, శ్లేష, వాదం, కోర్టు మెలిక కథకు ప్రాణమైనచోట మౌనం ఓడిపోతుంది. కాబట్టి సంభాషణ తీసేస్తే కథ చెప్పే శక్తి తగ్గదు, చెప్పదగిన కథలు మారతాయి. కోరిక, భయం, స్నేహం, వియోగం బొమ్మ ఒక్కటే మోయగలదు. తర్కానికి నోరు కావాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మాయాబందర్ లాంటి ఊళ్లదే. హిందీ వీధిలో పెరిగే తెలుగు పిల్లకు తెలుగు వినిపించడమే కరువైతే, కార్టూన్‌లో ఉన్న మాటనూ తీసేయాలా? ఇందులో న్యాయముంది. ఇంటి భాషలో మంచి డబ్బింగ్ దొరికితే దాన్ని వదులుకోమనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఊరి పిల్లలంతా కలిసి చూసేచోట గెలిచేది ఎక్కువమందికి తెలిసిన భాషే. అప్పుడు హిందీ మాటలు కథను పూర్తిగా విప్పి చెప్పేస్తాయి, ఇంట్లో అమ్మతో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. మాటలేని సినిమా అలా కాదు. 'ఫ్లో'లో పిల్లి పడవ ఎందుకు దిగిందో చెప్పాలంటే పిల్ల తన మాటల్లోనే చెప్పాలి. ఆ వివరణ తెలుగింట్లో తెలుగులోనూ, కరెన్ ఇంట్లో కరెన్‌లోనూ జరుగుతుంది.

హైదరాబాద్ స్టూడియోల్లో గీసే చేతులకు కొదవ లేదు, సాఫ్ట్‌వేర్ ఉచితం. కావాల్సింది బొమ్మను నమ్మే స్క్రిప్టు. అరడజను భాషల్లో డబ్బింగ్‌కు లెక్కలు వేసేముందు రచయిత తన ప్రతి సీనులో మాటలు కొట్టేసి ఒకసారి చూసుకోవాలి. అర్థం చెడని సీనులో మాట దండగ. అర్థం చెడిన సీనులో ఆ మాటకు నిజమైన పని ఉందన్నమాట. అలాంటి సీన్లు ఒకటీ లేని కథ దొరికితే దాన్ని మౌనంగానే తీయాలి. మాయాబందర్ మొత్తానికీ ఒకే ప్రింటు సరిపోతుంది.