నెమ్మదిస్తే మొండికేసే ఓడ.. దారికి తెచ్చే ఇంజినీర్ మీరేనా?

సైకిల్‌ను మరీ నెమ్మదిగా తొక్కితే హ్యాండిల్ వంకర్లు పోతుంది కదా? ఓడ పరిస్థితీ దాదాపు అంతే. నడిసముద్రంలో చెప్పినట్టు వినే నౌక, రేవు దగ్గరికొచ్చి వేగం తగ్గించగానే మొండికేస్తుంది. అడ్డంకులన్నీ ఉండేది కూడా అక్కడే! ఈ సమస్య వెనకున్న ఇంజినీరింగ్ తెలిస్తే, మన బ్యాచ్‌ల్లో చాలామంది అసలు పట్టించుకోని ఉద్యోగ రంగం ఒకటి మీకు కనిపిస్తుంది.

సగం వేగం.. పావు బలం

ఓడను తిప్పేది చుక్కాని. దానికి బలం వచ్చేది మాత్రం దాన్ని తాకి వెళ్లే నీటి నుంచే. ఆ బలం నీటి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 12 నాట్ల వేగం 6కు తగ్గితే చుక్కాని బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 3 నాట్లకొస్తే పదహారో వంతే! గాలి మాత్రం తగ్గదు. ఎత్తుగా కంటెయినర్లు పేర్చిన ఓడను పక్కకు నెట్టేస్తుంటుంది.

ఇక్కడే ఇంజిన్ అవసరం పడుతుంది. చుక్కానిని పూర్తిగా ఓ పక్కకు, సాధారణంగా 35 డిగ్రీల వరకు, తిప్పి ఇంజిన్‌ను కొద్దిసేపు గట్టిగా నడుపుతారు. ప్రొపెల్లర్ తోసిన నీరు చుక్కానిని బలంగా తాకుతుంది. వేల టన్నుల ఓడ వేగం పుంజుకోవడానికి టైం పడుతుంది కాబట్టి, అది ముందుకు ఉరికేలోపే ముక్కు తిరుగుతుంది. వెంటనే ఇంజిన్ తగ్గించేస్తారు. దీన్ని 'కిక్ అహెడ్' అంటారు.

వినడానికి ఈజీగానే ఉంది కదా? కానీ చాలా పెద్ద ఓడల్లో డీజిల్ ఇంజిన్ నేరుగా ప్రొపెల్లర్‌కే కలిసి ఉంటుంది. వెనక్కి నడపాలంటే ఇంజిన్ ఆపి, కంప్రెస్డ్ ఎయిర్‌తో వ్యతిరేక దిశలో మళ్లీ స్టార్ట్ చేయాలి. ఆ గాలి సిలిండర్లకూ లెక్కుంది. ఇలాంటి ఇంజిన్‌కు మళ్లీ నింపకుండా కనీసం 12 స్టార్ట్‌లకు సరిపడా గాలి ఉండాలన్నది నిబంధన. అందుకే కొన్ని నౌకల్లో ఇంజిన్ ఆపకుండానే రెక్కల కోణం మార్చే ప్రొపెల్లర్లు, ముక్కు దగ్గర పక్కకు తోసే బౌ థ్రస్టర్లు, 360 డిగ్రీలు తిరిగే పాడ్‌లు వాడుతున్నారు.

బాల్టిమోర్ చెప్పిన పాఠం

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయల్దేరిన 'డాలీ' నౌకలో కరెంటు పోయింది. ఇంజిన్ ఆగింది. ఎమర్జెన్సీ కరెంటుతో చుక్కాని కదిలినా, ప్రొపెల్లర్ తిరగకపోవడంతో దాని ప్రభావం బాగా తగ్గిపోయింది. నౌక వంతెనను ఢీకొంది. వంతెనపై పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. నౌక సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులే. కరెంటు పోవడానికి మూలం వదులుగా ఉన్న ఒక వైరు అని దర్యాప్తు తేల్చింది. కరెంటు, ఇంజిన్, చుక్కాని.. మూడూ ఒకే గొలుసు అని అర్థమైంది కదా!

ఇంకో సంగతి. ఓడ ఎలా తిరగాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు 2002లో వచ్చాయి. కానీ ఆ పరీక్షలు చేసేది దాదాపు పూర్తి వేగంలోనే. రేవులోని నెమ్మది వేగంలో ఓడ తీరు తేల్చాల్సింది సిమ్యులేటర్లు, నమూనా పరీక్షలు, ఇంజినీర్లే.

మీకేం అవకాశం?

మెకానికల్ వాళ్లకు ఇంజిన్, ప్రొపల్షన్. ఈఈఈ, ఈసీఈ వాళ్లకు పవర్, సెన్సర్లు, కంట్రోల్స్. సీఎస్‌ఈ వాళ్లకు సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఐఎంయూ సెట్ రాసి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో చేరొచ్చు. దీనికి విశాఖలోనూ క్యాంపస్ ఉంది. బీటెక్ మెకానికల్ అయినవాళ్లకు జీఎంఈ, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఈటీవో కోర్సులున్నాయి. ఒడ్డునే ఉండి పరిశోధన చేయాలనుకుంటే, నౌకల నమూనాలను పరీక్షించే పెద్ద నీటి బేసిన్ విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉంది.

ఫీజు కట్టేముందు రెండు విషయాలు చూసుకోండి. ఆ సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపు ఉందా? కంటిచూపు సహా మెడికల్ ఫిట్‌నెస్ మీకుందా? 'ఓడలో జాబ్ గ్యారంటీ' అని లక్షలు అడిగే ఏజెంట్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? 1957 నాటి నోమోటో మోడల్ తీసుకోండి. చుక్కాని తిప్పితే ఓడ ఎంత వేగంగా తిరుగుతుందో ఒక్క చిన్న సమీకరణంలో చెబుతుంది. దాన్ని పైథాన్‌లో రాసి, వేగం తగ్గించుకుంటూ రన్ చేయండి. ఓడ స్పందన ఎలా మందగిస్తుందో గ్రాఫ్‌లో కనిపిస్తుంది. తర్వాత గాలి ప్రభావాన్నీ, ఇంజిన్ కిక్‌నూ కలపండి. ఇంటర్వ్యూలో 'ఏం ప్రాజెక్టు చేశావ్?' అని అడిగితే, ల్యాప్‌టాప్ తెరిచి ఆ గ్రాఫ్ చూపించండి.